ఎలుగు మామ చేతి పరుగు

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవి జంతువులు రాకెట్ కట్టి ముగ్గురిని అంగారకుడి మీదికి పంపాయి. నడిపేది ఎలుగు మామ. మరమ్మతులు చేసేది కోతి బావ. అందరి ఆరోగ్యం చూసేది కుందేలు వదిన.

అంతరిక్షంలో అందరూ దూదిపింజల్లా తేలుతారు. పని లేక కాళ్ళు నీరసించిపోతాయి. అందుకే రోజూ నడుముకు పట్టీ బిగించుకుని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తాలని వదిన నియమం పెట్టింది.

మొదటిరోజు మామ పరుగెత్తుతుంటే పొట్ట గంతులేసింది.

"మామా, నీకన్నా నీ పొట్టే ముందు అంగారకుడి మీదికి చేరేలా ఉందే!" అని బావ పగలబడి నవ్వాడు. వదినకూ నవ్వు ఆగలేదు.

మామ ముఖం చిన్నబోయింది. మర్నాటినుంచి తెర కట్టుకున్నాడు. దాని వెనక హాయిగా తేలుతూ ట్రెడ్‌మిల్‌ను చేతులతో దబదబా బాదేవాడు.

"పరుగు అయిందా మామా?" అని వదిన అడిగితే, "భేషుగ్గా!" అనేవాడు.

"కాళ్ళు నొప్పులా?" అంటే, "నాకా? ఎలుగునమ్మా నేను!" అనేవాడు.

"చెమటే పట్టలేదేం?" అని బావ అడిగితే, "తుడిచేసుకున్నా!" అనేవాడు.

చేతులు ఉక్కులా తయారయ్యాయి. కాళ్ళు మాత్రం తోటకూర కాడలయ్యాయి.

అంగారకుడు దగ్గరపడ్డాడు. దిగేటప్పుడు మామ కాలితో పెద్ద బ్రేకు తొక్కాలి. తొక్కకపోతే రాకెట్ ముక్కలైపోతుంది. మామ ఒకసారి తొక్కి చూశాడు. బ్రేకు కదల్లేదు.

'చెబితే నవ్వుతారు. చెప్పకపోతే ముగ్గురం పోతాం' అనుకుని తెర తీశాడు.

"కుందేలమ్మా, ఇన్నాళ్ళూ నా చేతులే పరుగెత్తాయి. కాళ్ళలో సత్తువ లేదు."

ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాది మామా," అన్నాడు బావ. "నాకూ ఇంటిమీద బెంగతో నిద్ర పట్టడంలేదు. అది దాచుకోడానికే అందర్నీ ఆటపట్టిస్తున్నా."

"నేనూ నవ్వాను కదా," అంది వదిన. "ఇక తెర వద్దు. దిగేదాకా ఉన్న నాలుగు రోజులూ కలిసి పరుగెడదాం. బ్రేకు మీద ముగ్గురం కాళ్ళు వేద్దాం."

దిగే రోజు వచ్చింది. మామ కాలి మీద బావ కాలు, దానిమీద వదిన చిట్టికాలు.

"తొక్కండర్రా!" అని మామ అరిచాడు. బ్రేకు కిర్రుమంది. రాకెట్ మెత్తగా దిగింది.

మామ తలుపు తీసి ఒక్క అడుగు వేసి, ఎర్రమట్టిలో బోర్లా పడ్డాడు.

"ఒరే కోతీ, నువ్వన్నట్టే నా పొట్టే ముందు చేరిందిరా!" అని ఈసారి తనే మొదట నవ్వాడు.

నీతి: ఒంట్లో, మనసులో బాగాలేకపోతే తోటివాళ్ళకు చెప్పాలి, చెప్పడానికి వాళ్ళు జంకేలా మనం నవ్వకూడదు.

బాగాలేకపోయినా "బాగున్నా" అనే నేస్తం మీకుంటే, ఈ కథ తప్పకుండా చెప్పండి.