నీళ్లు వచ్చిన రోజు

నందకుడికి పెద్ద చిక్కొచ్చిపడింది. వాళ్ల జట్టులో తిస్సుడున్నాడు. తిస్సుడికి నత్తి.

నది పక్కన కొండ మీదున్న ఆ బౌద్ధ విహారంలో చరిత్ర పాఠం గురువు చెప్పేవాడు కాదు. శిష్యులే ముగ్గురేసి జట్టు కట్టి, ఒక్కో పాత కాలాన్ని తీసుకుని తోటివాళ్లకి చెప్పాలి. ఆచార్య శీలమిత్రుడు వెనక కూర్చుని వినేవాడు. ఈసారి నందకుడి జట్టుకి కొండ కింద ఎప్పుడో వరదలో మునిగిపోయిన పట్నం కథ వచ్చింది. జట్టులో మూడోవాడు సోణుడు బంకమట్టితో ఆ పట్నం బొమ్మ చేశాడు. రాజుల సంగతీ కోటల సంగతీ నందకుడు చెప్పాలి. వరద వచ్చిన రోజు తిస్సుడి వంతు.

నందకుడు గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఆచార్యా, అసలైన ఘట్టం తిస్సుడికి పడింది. అందరూ నవ్వుతారు. అది కూడా నేనే చెప్పనా?"

"వాణ్ణి అడిగావా?"

"అడిగాను. సరేనన్నాడు."

"ఎలా అన్నాడు?"

నందకుడు గుర్తు చేసుకున్నాడు. తిస్సుడు నోటితో ఏమీ అనలేదు. మట్టి బొమ్మ వైపు చూస్తూ తలూపాడంతే.

"సరే, అదీ నువ్వే చెప్పు" అన్నాడు గురువు.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవలేదు. మండపం స్తంభాల మధ్య నుంచి తెల్లగా లోపలికి వస్తోంది. శిష్యులంతా రాతి అరుగుల మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. నందకుడు గడగడా చెప్పాడు. రాజుల పేర్లు, కోట ఎత్తు, వరద ఉధృతి, ఒక్కటీ తడబడలేదు. అందరూ మెచ్చుకున్నారు. తిస్సుడు ఓ పక్కగా నిలబడి, బొమ్మలో ఊడిపోయిన ఒక గడపని వేలితో అతికిస్తున్నాడు.

గురువు లేచి ముందుకొచ్చాడు. నందకుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అరుగు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"తిస్సా, ఆ ఒక్క రోజు మళ్లీ చెప్పు నాయనా. నాకు సరిగ్గా అందలేదు."

తిస్సుడు బొమ్మ మీంచి వేలు తీశాడు.

"ఆ రోజు ఇక్కడ వాన లేదు" అన్నాడు. "వాన ఎక్కడో పైన పడింది. పొద్దున్నే ఒకావిడ వాకిట్లో ము... ము..."

ఎవరో కిసుక్కున నవ్వారు. నందకుడు ఆ మాట అందించబోయాడు. గురువు అరచెయ్యి అతని మోకాలి మీద మెత్తగా పడింది.

అంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో కొండ కింద నది చప్పుడు వినిపించింది. అది రోజూ ఉండే చప్పుడే. నందకుడు ఎన్నాళ్లుగానో దాన్ని వినలేదు.

"...ముగ్గు వేస్తోంది. ముగ్గు త... తడిసింది. చెంబు ఒలికిందనుకుంది. చెంబు పక్కకి పెట్టి, మళ్లీ గీసింది."

మళ్లీ మాట పట్టేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మంచు అరుగుల అంచులదాకా పాకింది. ఆ మాట వచ్చేలోపు వాళ్లకి ఆ వాకిలి కనిపించింది. పిండి తెల్లగా కరిగి గడప వైపు జరగడం కనిపించింది.

"లోపల పిల్లలు ని... నిద్రపోతున్నారు" అన్నాడు తిస్సుడు.

ముందు వరసలో ఒకడు మెల్లగా కాళ్లు పైకి తీసుకున్నాడు. తర్వాత పక్కవాడు. తర్వాత గురువు, ముసలి మోకాళ్లని రెండు చేతులతో పట్టుకుని.

తిస్సుడు ముగించాక ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ కదల్లేదు.

"ఆచార్యా" అన్నాడు నందకుడు చిన్నగా. "నేను చెప్పిందీ ఆ వరదేగా?"

"అదే. కానీ నువ్వు చెబుతున్నంతసేపూ మేం నిన్ను చూశాం నాయనా."

గురువు లేచి వెళ్లిపోయాడు. నందకుడూ లేవబోయాడు. తన కాళ్లు కూడా అరుగు మీదే ఉన్నాయని అప్పుడు చూసుకున్నాడు. కిందికి దించబోయి, నేల వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.