పులిహోరలో ఉప్పు కుదిరిందా?

అవధాని, పేరిగాడు, కామేశం అని ముగ్గురు అన్నదమ్ములు. వంటవాళ్ళు. "బుర్రలన్నీ దేవుడు మా ఇంట్లోనే పంచేశాడర్రా, మిగతావాళ్ళకి ఉత్త తలకాయలే" అని ఊరంతా చెప్పుకు తిరిగేవాళ్ళు. తిరగనివ్వండి, మనదేం పోయింది!

వాళ్ళ మేనకోడలి పెళ్ళొచ్చింది. మగపెళ్ళివారి ఫలహారానికి మూడొందలమందికి సరిపడా పులిహోర కలిపి, చాపల మీద కుప్ప పోశారు. వియ్యంకుడేమో ఉప్పు తేడా వస్తే పెళ్ళే వద్దని లేచిపోయే రకం. పెళ్ళికూతురి తల్లి, అంటే వీళ్ళ అక్క వెంకాయమ్మ, పరుగు పరుగున వచ్చింది.

"ఒరేయ్, ఒక్క మూల చూసి బాగుందనకండి. అలాగని కుప్పంతా మెక్కకండి. కళ్ళు మూసుకుని ఓ గవ్వ విసరండి. పడ్డచోట మొదలెట్టి జానెడుకో చోట, పొడుగూ అడ్డం లోతూ, కాస్త కాస్త తీసి చూడండి. మళ్ళీ గవ్వ వేసి మళ్ళీ చూడండి. అన్నిసార్లూ ఒకేలా ఉంటే ఉప్పు కుదిరినట్టే" అని చెప్పి, ఎదుర్కోలు పనుల మీద వెళ్ళిపోయింది.

అంతే. అవధాని కళ్ళు మూసుకుని విసిరాడు. గవ్వ వెళ్ళి కాఫీకి కాగుతున్న పాలగిన్నెలో పడింది.

"పడ్డచోటే మొదలెట్టమంది అక్క!" అని కామేశం చెయ్యి పెట్టేసి, "చచ్చాన్రో!" అని గెంతాడు. అక్కణ్ణించి జానలు కొలుచుకుంటూ వస్తుంటే, దారిలో కునుకుతున్న పురోహితుడి బొజ్జ తగిలింది. జాన జానే కదా! పేరిగాడు వంగి నాకి, "ఇక్కడ ఉప్పెక్కువైందన్నయ్యా" అన్నాడు. పురోహితుడు లేచి పరుగు.

చివరికి కుప్ప దగ్గరికొచ్చారు. ఓచోట చప్పన, ఓచోట ఉప్పుకషాయం.

"ఒకేలా లేదు. వెయ్యన్నయ్యా గవ్వ!" అన్నాడు కామేశం.

వేశాడు. మళ్ళీ తేడా. "కాస్త తింటే ఏం తెలుస్తుంది, ముద్ద తీయండ్రా" అన్నాడు అవధాని. ఇంకేముంది! గవ్వ వెయ్యడం, ముద్ద మింగడం. చుట్టుపక్కల వంటవాళ్ళనీ పిలిచారు. చాపలు బయటపడ్డాయి. ఆఖరికి గంపెడు మిగిలింది. అందులో ఎక్కడ చూసినా ఒకే రుచి!

"కుదిరిందక్కా!" అని ముగ్గురూ త్రేనుస్తూ కేకేశారు.

వెంకాయమ్మ వచ్చి చూసి నేల మీద చతికిలబడింది. "నా పిల్ల పెళ్ళి ముంచార్రా, వెధవల్లారా! బయట పంక్తి కూర్చుందిరా!"

"ఏడవకక్కా, నీ ఉపాయమే ఉందిగా" అన్నాడు అవధాని.

పంక్తిలోకి గవ్వ విసిరాడు. పడ్డ విస్తరి మొదలు ముప్ఫై విస్తళ్ళకొకటి చొప్పున, పదిమందికి కడుపారా వడ్డించారు. పదిమందీ తిని బ్రేవ్‌మన్నారు.

"పంక్తంతా నిండింది, లేవండి బాబూ లేవండి!" అన్నాడు పేరిగాడు.

వియ్యంకుడు ఖాళీ విస్తరి ఎత్తి చూపించాడు. "నాకేదయ్యా?"

"మీకూ నిండింది బావగారూ, మీకే తెలియలేదంతే" అని కామేశం ఆయన చేతిమీద నీళ్ళుపోసి, తాంబూలం పెట్టేశాడు.