పువ్వు పట్టుకుని యుద్ధానికెళ్ళిన రాజు

నేనింతవరకు ఏదీ రాసి ఎరగను. చదివింది అయిదో తరగతి. మా అమ్మమ్మ వత్తులు చేసుకుంటూ చెప్పిన కథ ఇది. మర్చిపోకముందే కాగితం మీద పెడుతున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఎప్పుడో ఒక్క యుద్ధం గెలిచాడు. అప్పట్నించి ఎవరు దొరికినా ఆ కథే.

తోలుబొమ్మలాడించే ఖండోజి ఆ యుద్ధాన్నే ఆటగా కట్టి, ఓ సాయంత్రం కోట ముందు తెర కట్టాడు. తెరమీద శత్రురాజు గుర్రమెక్కి కత్తి దూశాడు. ఉద్దండవర్మ ఆసనం అంచుకి జరిగాడు. సరిగ్గా అప్పుడే బట్టతల మొగుడి బొమ్మా, గయ్యాళి పెళ్ళాం బొమ్మా మధ్యలోకి ఊడిపడ్డాయి.

"ఏవయ్యా, ఉప్పు తెమ్మంటే ఉత్తచేతుల్తో వచ్చావేం?"

"అక్కడ యుద్ధం జరుగుతోందే!"

"జరగనీ. నా పులుసులోకి ఉప్పెవరు తెస్తారు, శత్రురాజా?"

జనం విరగబడి నవ్వారు. రాజుకి ఒళ్ళు మండింది.

"నా కత్తి లేచే వేళకి నీ పులుసు గొడవేమిట్రా? ఆ రెండు బొమ్మల్నీ తగలబెట్టించి, నిన్ను పొలిమేర దాటిస్తాను!"

ఖండోజి పరుగున వచ్చి చేతులు జోడించాడు. "దొరా, మా తాత చేసిన బొమ్మలు. అవి లేకపోతే మాకు కూడు లేదు."

ఆస్థానంలో కోనప్ప అని ఒక చమత్కారి ఉన్నాడు. అతను మెల్లిగా లేచాడు.

"ప్రభూ, రేపు హాస్యం లేకుండా మళ్ళీ ఆడించండి. బాగుంటే వీణ్ణి తరిమేద్దురుగాని. మరి మధ్యలో ఎవరైనా యుద్ధం ఆపితే?"

"గుండు కొట్టించి గాడిదెక్కిస్తా! మా నాన్న కొడుకైనా సరే వదలను!"

ఆ మాటే దండోరా వేశారు.

మర్నాటి సాయంత్రం ఆట మొదలైంది. రాజుబొమ్మ గులాబీ వాసన చూస్తూ కొలువు తీరింది. శత్రువు గుర్రమెక్కి వచ్చాడు. మొగుడూ పెళ్ళాం రాలేదు. ఆట ఆగలేదు. డోలు మోగింది. శత్రువు కత్తితో ఒకటే పోట్లు. రాజుబొమ్మ మాత్రం గులాబీ వాసన చూస్తూనే ఉంది.

తెరవెనక ఖండోజి గొంతెత్తి పాడుతున్నాడు: "ఉద్దండవర్మ కత్తి ఝళిపించెనూ..."

జనం పైటలు, కండువాలు నోట్లో కుక్కుకున్నారు.

"ఆపండ్రా!" అని రాజు కేకపెట్టాడు. "నా చేతిలో పువ్వేమిటి? నా కత్తి బొమ్మ ఏదిరా?"

ఖండోజి తెర పక్కనించి తల బయట పెట్టాడు. "కింద ఉంది దొరా. కొలువు బొమ్మ విప్పి కత్తి బొమ్మ కట్టాలి కదా. నేను కట్టుకునేదాకా నా భార్య ఆ ఇద్దర్నీ పోట్లాడిస్తుంది. తమరు వద్దన్నారు, కట్టుకునే వ్యవధి లేదు."

"నిన్న తమకి కత్తి అందించింది ఆ గయ్యాళే ప్రభూ," అన్నాడు కోనప్ప. తర్వాత భటులవైపు తిరిగాడు. "మంగలిని పిలవండి. మంచి గాడిదని కూడా చూడండి."

"ఎవరికోసం?"

"యుద్ధం ఆపినవారికోసం. పెద్ద మహారాజుగారికి ఒక్కడే కొడుకు కదా ప్రభూ."

రాజు చెయ్యి గబుక్కున జుట్టుమీదకి పోయింది. ఓ క్షణం గుడ్లురిమాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దండోరా రద్దు! ఒరే ఖండోజీ, పిలవరా నీ గయ్యాళిని. దానికి ఉప్పు మా కోటలోంచే పంపిస్తాను!"

ఖండోజికి కొత్త తెరా, ఏడాదికి సరిపడా దీపాల ఆముదమూ ఇప్పించాడు. భుజం మీది పట్టుశాలువా తీసి కోనప్పకి కప్పాడు.

ఇంతే కథ. రాసిన మర్నాడు పొద్దున్నే ఈ కాగితాలు పక్కింటి టీచరమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ చదువుతుంటే ఎదురుగా నిలబడలేక, బిందె కడగాలని ఇంట్లోకి వచ్చేశాను. కాసేపటికి గోడ అవతల ఆవిడ నవ్వు వినబడింది. కడిగిన బిందెనే మళ్ళీ కడిగాను.