ఒకే పంజరం, ఒకే విస్తరి

మణికోన రాజు కేతభూపాలుడికి ఆ ఏడాది చిలకల పిచ్చి పట్టింది. తోటలో రామచిలకలు ముందునుంచీ ఉన్నాయి. అడవి నుంచి ఎర్రతల చిలకలు తెప్పించాడు. ఓడ వర్తకులు పిడికిట్లో ఇమిడే నీలి బుజ్జి చిలకల్ని కానుకగా ఇచ్చారు. ఇంతలో పొరుగు రాజు వస్తున్నాడని కబురొచ్చింది. వెంటనే చిలకలన్నిటికీ కలిపి ఒకే బంగారు పంజరం చేయించాడు.

"నా రాజ్యంలో చిలకలు కూడా కలిసిమెలిసి ఉంటాయని ఆయన చూడాలి!" అన్నాడు సభలో.

కొలువులో అందర్నీ నవ్వించే నాగంభట్టుకే ఆ చిలకల పెత్తనం. ఆ మాటకు ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

"ప్రభూ, పెద్దవి చిన్నవాటి కాలివేళ్ళు కొరికేస్తాయి. మూడు జాతులకూ మూడు పంజరాలుండాలి. అవీ ఎడంగా ఉండాలి. ఊచల్లోంచి కాలు దొరికినా వదలవు."

ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి పెదవి విరిచాడు. ఏ విషయంలోనైనా ఆఖరి మాట తనదే కావాలి ఆయనకు.

"ఏమయ్యా భట్టూ! అన్నిటికీ వంకర ముక్కే, అన్నీ తినేది జామకాయే. చిలకలన్నీ చిలకలే! చదువుకోని వాళ్ళకే ఈ తేడాలన్నీ."

రాజుకు ఆ మాట తెగ నచ్చింది.

"రేపు సాయంత్రానికి అన్నీ బంగారు పంజరంలో ఉండాలి. ఒక్క ఈక రాలిందా, నీ కొలువు ఊడినట్టే!"

కొలువూ పోతుంది, రాణిగారు అరచేతిలో మేపుకునే బుజ్జి చిలకా పోతుంది. నాగంభట్టు బుర్ర గోక్కున్నాడు.

"చిత్తం. శుభకార్యానికి ముందు పండితులకు భోజనం పెట్టడం మన రివాజు. ఆ ఏర్పాటు నాకు వదిలేయండి ప్రభూ. తమరు దగ్గరుండి చూడాలి."

"అలాగే కానీ."

మర్నాడు సోమయాజి, ఆస్థాన వైద్యుడు, ఆస్థాన కవి పట్టుపంచెలు కట్టుకుని భోజనశాలకు వచ్చారు. అక్కడ ఒకే పీట వేసి ఉంది. దాని ముందు ఒకే అరటాకు. పులిహోర, గారెలు, నడుమ ఒకే ఒక్క పూర్ణం బూరె.

"మొదటి పీట నాదే," అంటూ సోమయాజి చతికిలబడ్డాడు.

"నిన్న సన్మానం జరిగింది నాకు. లేవండి!" అని కవి పీట లాగాడు.

ఈ సందట్లో వైద్యుడు వంగి పులిహోరలో చెయ్యి పెట్టాడు.

"ఛీ! ఆకంతా ఎంగిలి చేశావు కదయ్యా!" అని సోమయాజి అరిచాడు.

"ఎంగిలైంది కదా, ఇక మీకెందుకూ?" అని వైద్యుడు బూరె అందుకున్నాడు. సోమయాజి మీదపడి బూరెను నోటితోనే పట్టుకోబోయాడు. పట్టు తప్పింది.

"అబ్బా! వేలు కొరికేశాడు ప్రభూ!" అని వైద్యుడు కెవ్వుమన్నాడు.

కవిగారి ఉత్తరీయం అప్పటికే రెండు ముక్కలైంది. గుమ్మంలో నిలబడ్డ రాజు మండిపడ్డాడు.

"ఏమిటీ అవమానం, భట్టూ? ముగ్గురికీ ఒక్క ఆకా?"

నాగంభట్టు చేతులు కట్టుకున్నాడు.

"పండితులంతా పండితులే కదా ప్రభూ, ఒక్క ఆకు చాలదా అనుకున్నాను!"

రాజు సోమయాజి వంక చూశాడు. వేలు చప్పరిస్తున్న వైద్యుడి వంక చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. తెర వెనక రాణిగారి గాజులు గలగలమన్నాయి.

"సరేనయ్యా. మూడు పంజరాలు, ఎడంగా! వీళ్ళకు మూడు ఆకులు, ఇంకాస్త ఎడంగా! మరి పొరుగు రాజుకు ఏం చెప్పను?"

"ఒకే తోటలో ఎవరింట్లో వాళ్ళు హాయిగా ఉన్నారని చెప్పండి ప్రభూ. మంచి రాజ్యంలో ఉండేది అలాగే కదా."

"బాగుంది! బంగారు పంజరం ఇక నీదే. పట్టుకుపో."

"మహాప్రసాదం! ఒక్కటే మనవి. సోమయాజిగారిని మాత్రం అందులో నాతోపాటు పెట్టకండి."

భోజనశాల గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు, వేలికి కట్టు కట్టుకుంటున్న వైద్యుడు.