ఎండయ్య కూత

శిష్యులు ప్రశ్న అడిగితే పరాంకుశం గారు జవాబు చెప్పేవారు కారు. లేచి చెప్పులు వేసుకునేవారు.

మందాకిని అడిగిన రోజు కూడా అదే జరిగింది. ఏనుగుల అలికిడి పసిగట్టి, ఆ కబురును ఒకదానినుంచి ఒకటి అందుకుంటూ ఊళ్ళకు చేర్చే నలభై చిన్న పెట్టెలను ఆమె మన్యం దారుల్లో చెట్లకు కట్టించింది. దొంగ కబురు చొరబడకుండా ప్రతి కబురుకూ ఒక రహస్య సంఖ్యతో తాళం పడుతుంది. నలభైకీ ఆమె పెట్టిన సంఖ్య ఒక్కటే.

"పెట్టెలో ఉన్నదే చిటికెడు బ్యాటరీ, మాస్టారూ. పక్కపక్క పెట్టెల జతకొక తాళమంటే అన్నీ దించి మళ్ళీ కట్టాలి. అనాస పండుతోంది, పది రోజుల్లో మంద దిగుతుంది. ఒక్క తాళం చాలదా?"

పొద్దు వాలే వేళకు ఇద్దరూ అనాస తోటలో సవర జమ్మన్న కాపలా మంచె మీద కూర్చున్నారు. ఆ కొండ మలుపుల్లో మనిషి కూత పక్క మంచె దాటి వినిపించదు. అలాంటి మంచెలూ ఆ దారుల్లో నలభై. మంద వస్తే ఒక మంచె కూత విని పక్క మంచె కూస్తుంది. కాపలాదారులు తోటలు వదిలి, పిల్లాజెల్లాను ఇళ్ళలోకి చేర్చడానికి పరుగెడతారు.

ఉన్నట్టుండి తూర్పు మలుపు నుంచి కూత లేచింది. మందాకిని గబుక్కున లేచింది. జమ్మన్న మాత్రం చుట్ట నుసి రాల్చుకుంటున్నాడు.

"ఏనుగులు! లేవరేం?"

"అది తూరుపు మంచె ఎండయ్య నిన్నటి కూత, తల్లీ. సంతలో తాగీసి నలుగురికీ కూసి సూపించీసినాడు, ఎదవ. పొద్దున్నే మార్చీసినాం. మనం దిగితే అనాస కోసుకుపోదామని ఎవుడో కూస్తన్నాడు."

"పొద్దుటికే నలభై మంచెలకూ చెప్పేశారా?"

జమ్మన్న పకపకా నవ్వాడు. "నలభైకెందుకమ్మా? ఏ మంచె కూత దానిదే. ఆడి కూత తెలిసింది అటోడికీ, ఇటు నాకూ. ముగ్గురం మార్చుకున్నాం, అయిపోనాది. అందరికీ ఒకటే కూతయితే, ఒకడు తాగితే ఊరంతా తాగినట్టే కదా!"

మందాకిని నవ్వలేకపోయింది. నాలుగు మరలు విప్పితే తన పెట్టె ఎవరి చేతికైనా వస్తుంది. దానితో నలభై పెట్టెల తాళమూ వస్తుంది. రెండుసార్లు దొంగ కబురుకు పరుగెత్తిన ఊరు, మూడోసారి నిజంగా మంద వచ్చినా కదలదు.

కొండ దిగే దారిలో ఆమె అంది. "అన్నీ దించేస్తాను. కానీ మాస్టారూ, ఈ పంటకు నా పెట్టెలు అందవు."

పరాంకుశం గారు నడక ఆపలేదు.

"ఈ పంటకు జమ్మన్న మేలుకునే ఉన్నాడమ్మా. నీ పెట్టెను నమ్మి అతను నిద్రపోయే ఏడాది సంగతి ఆలోచించు."