మూడో కంటికి తెలియని యాప్

గేటు మీద 'బుద్ధి నిలయం' అని బోర్డు ఉంది కాబట్టి ఆ ఇంట్లో బుద్ధికి లోటు లేదని గురునాథానికి గట్టి నమ్మకం. భార్య అండాళుకీ అంతే. ఆమె తమ్ముడు సింహాచలానికైతే బుద్ధి కాస్త ఎక్కువైపోయి తలనొప్పి కూడా వస్తుండేది. ఇంత తెలివి ఊరికే పోకూడదని ముగ్గురూ కలిసి 'అక్క మాట' అని ఒక యాప్ పెట్టారు. ఫోన్లో పరిచయమై ప్రేమ పేరుతో మోసం చేసే మగవాళ్ళ గురించి ఆడపిల్లలు తమ పేరు చెప్పకుండా అందులో రాసుకోవచ్చు. రాసేది ఆడపిల్లే అని తేలడానికి మాత్రం ఆధార్ కార్డు పంపాలి.

మేడ మీద అద్దెకున్న హైమ మొదట రాసింది. కిరీటి అనేవాడు తనకి పెళ్ళయిన సంగతి దాచి ఆమె వెంటపడ్డాడు. వద్దంటే చంపుతానన్నాడు. ఇంకో పిల్ల వాడి చేతిలో పడకూడదని ఆమె తాపత్రయం.

"బాబాయిగారూ, నా వివరాలు మూడో కంటికి తెలియకూడదు," అంది.

"మూడో కన్ను ఎవరికుందే?" అని గురునాథం భార్యని అడిగాడు.

"శివుడికండీ!"

ఇంకేముంది, గోడ మీది శివుడి క్యాలెండరు వెనక్కి తిప్పేసి, హైమ కార్డు యాప్ మొదటి పేజీలో పెట్టేశారు. ఊళ్ళో అందరివీ రెండేసి కళ్ళే కదా!

హైమ చూసి లబోదిబోమంటూ మెట్లు దిగి వచ్చింది. "ముందది తుడిచెయ్యండి పిన్నిగారూ!"

అంతే, అండాళు తడిగుడ్డ తెచ్చి ఫోను తుడిచింది. దుమ్ము పోయి కార్డు మీది అడ్రసు ఇంకా బాగా కనిపించింది.

"అయ్యో, తాళమైనా వెయ్యండి!"

సింహాచలం భజనల్లో ఆరితేరినవాడు. చటుక్కున తాళాలు తెచ్చి, ఫోను ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఆదితాళం వేశాడు. ఆ మోతకి వీధంతా వచ్చి, తొంగి చూసి, కార్డు చదువుకుని పోయింది.

"మీకు దణ్ణం పెడతాను. ఎవరైనా వస్తే నా పేరు మాత్రం ఎత్తకండి," అంది హైమ ఏడుస్తూ.

మర్నాడు కిరీటి రానే వచ్చాడు. "హైమ ఉండేది ఏ గది?"

"మేం పేరు ఎత్తం బాబూ," అన్నాడు గురునాథం ఠీవిగా. "ఎత్తకుండా కిందే ఉంచాం. చూసుకో."

వాకిట్లో అండాళు ముగ్గుతో రాసిపెట్టింది: 'హైమ, మేడ మీద గది.'

కిరీటి మెట్లెక్కి తలుపు బాదాడు. పాపం, ఆ పిల్ల లోపల గడియపెట్టుకుని కేకలు పెట్టింది. వీధివాళ్ళు కర్రలతో పరుగెత్తుకొస్తే గోడ దూకి పారిపోయాడు.

హైమ ఆ పూటే ఇల్లు మారింది. పెట్టె మోసిపెట్టడానికి వెళ్ళిన గురునాథం చేతులు పట్టుకుని, "ఈ ఇల్లు ఆ కిరీటికి తెలియకుండా చూడండి బాబాయిగారూ," అని బతిమాలింది.

ముగ్గురూ కూర్చుని ఆలోచించారు.

"ఏది తెలియకూడదో వాడికి తెలియాలి కదండీ," అంది అండాళు. "లేకపోతే పొరపాటున తెలిసిపోతుంది!"

నిజమే అనిపించింది గురునాథానికి. యాప్‌లో హైమ రాసినదాంట్లో కిరీటి నంబరు వెతికి మెసేజి పెట్టాడు: 'కిరీటి గారికి, హైమ కొత్త ఇల్లు పాలకేంద్రం వెనక సందు, పచ్చ గేటు, కింది వాటా. ఇది మీకు తెలియకూడదు. దయచేసి తెలుసుకోకండి.'

తెలియక అటు వెళ్ళిపోతాడేమోనని గేటు ఫోటో కూడా పంపించాడు.