మదార్ సాహెబ్ పోసిన గోలీసోడా

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఈ క్షణమే రాలిపోవాలి.

దస్తగిరికి తన చెవులంటే మహా గర్వం. పులికాట్ సరస్సులో చేప ఆవులిస్తే ఒడ్డున కూర్చుని వినేవాడు. అతని గురువు మదార్ సాహెబ్ ఫకీరు. సరస్సు అడుగున పెరిగే గడ్డి ఎలా ఉందో ఆయన చప్పుడుతోనే పట్టేసేవాడు. గడ్డికి ఇవతల గురువు ఇత్తడి గంటని నీళ్ళలో ముంచి కొడితే, అవతల పడవలో శిష్యుడు తెడ్డు నీళ్ళలోకి దించి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు.

ఆ ఏడు తుఫానుకి నీళ్ళు మబ్బుల్ని తాకాయి. తగ్గాక చూస్తే అంతా బురద, అడుగు కనపడదు. గడ్డి బతికుంటే దాన్లో రొయ్యపిల్లలుంటాయి, వలలు ఈడ్చకూడదు. చచ్చిపోతే ఈడ్చుకోవచ్చు. ఊరంతా వలలు భుజానేసుకుని ఫకీరు మాట కోసం కూర్చుంది.

పొద్దున్నే ఓసారి గంట కొట్టారు. మళ్ళీ మిట్టమధ్యాహ్నం కొట్టారు. దస్తగిరి రొప్పుకుంటూ వచ్చాడు.

"గడ్డి చచ్చిపోయింది సాహెబ్! పొద్దున ఖంగుమన్న గంట ఇప్పుడు దోమ మూలిగినట్టుంది. పడవలు తీయమని చెప్పేశాను."

"నన్నడక్కుండానే?"

"నా చెవి ఎప్పుడైనా తప్పిందా సాహెబ్?"

సాహెబ్ కోప్పడలేదు. ఆ శిష్యుడంటే ఆయనకి ప్రాణం. గోలీసోడా కొట్టి గాజుగ్లాసులో పోశాడు. బుడగలు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. చెంచాతో గ్లాసుని తట్టాడు.

డుబ్.

"గ్లాసు పగిలిందా బేటా?"

"లేదు సాహెబ్."

బుడగలన్నీ పోయేదాకా ఆగి మళ్ళీ తట్టాడు.

ఖంగ్.

దస్తగిరి గ్లాసు వంక చూశాడు. తలెత్తి ఎండ వంక చూశాడు.

"ఎండ తగిలితే బతికున్న గడ్డి కూడా బుడగలు వదుల్తుంది కదా సాహెబ్..."

సాహెబ్ చప్పబడ్డ సోడా గుక్కేసి అన్నాడు: "ఇంకా ఇక్కడే ఉన్నావేంరా?"

దస్తగిరి పరిగెత్తాడు. నీళ్ళ మీదే పరిగెత్తాడు, పాదాలు తడవలేదు. బయల్దేరిన పడవలకి అడ్డంగా నిలబడి, "తప్పు నా చెవిదే! గడ్డి ఊపిరి పీలుస్తోంది, ఆగండి!" అని అరిచాడు. ఆ అరుపు మద్రాసులో వినపడింది. పడవలు ఆగాయి.

ఆ సాయంత్రం సాహెబ్ తన రొట్టెలో పెద్ద ముక్క తుంచి అతని చేతిలో పెట్టాడు.

విన్నావుగా అమ్మాయ్? అదిగో, మీ మావ వల పడవలో వేసుకుంటున్నాడు. గడ్డి మీదుగా ఈడ్వకుండా చుట్టూ తిరిగి పొమ్మని చెప్పిరా. ఊఁ, లే!